రెండు తాళాల కార్డు

బ్యాంకు నుంచి వచ్చిన కుర్రాడు కవరు విప్పి, చిప్ ఉన్న కొత్త కార్డును బల్ల మీద పెట్టగానే గదిలో ఉన్న ఏడుగురు అధికారులూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. ఒక్కరూ ముట్టుకోలేదు. ముట్టుకున్నవాడి పేరు ఫైలులోకి ఎక్కుతుందని రాష్ట్ర చేతిబొమ్మల అభివృద్ధి సంస్థలో అందరికీ తెలుసు.

చివరికి ముట్టుకున్నవాడు పైడిరాజు. అసిస్టెంట్ మేనేజరు, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. వాళ్లింట్లో డిగ్రీ పాసైన మొదటివాడు అతనే కావడంతో, ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితాన్నీ పై నంబరు నుంచి కింది సీలు దాకా చదివేవాడు. చదివినదాన్ని నమ్మేవాడు కూడా.

ఫిబ్రవరిలో జర్మనీలో జరిగే బొమ్మల సంతలో సంస్థ తొలిసారిగా స్టాలు పెడుతోంది. లక్క బొమ్మలు చేసే అప్పలనర్సమ్మ అంకుడుపాలెం నుంచి వస్తుంది. ఆ ఊళ్లో ఇరవై ఆరు కుటుంబాలు నాలుగు నెలలు కూర్చుని చేసిన పన్నెండు వందల బొమ్మలు ముందే విమానం ఎక్కుతాయి. ఆర్డర్లు లేక అక్కడ కర్ర తిప్పి బొమ్మలు చెక్కే లేతు మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. సంతలో ఒక్క పెద్ద కొనుగోలుదారు దొరికితే చాలు, అన్నీ మళ్లీ తిరుగుతాయి. పరాయి దేశంలో ఖర్చులకు నోట్లు సంచీలో వేసుకుని తిరగడం బాగుండదని ఈ కార్డు తెప్పించారు.

"ఇది చాలా భద్రం సార్," అన్నాడు బ్యాంకు కుర్రాడు. "చిప్పును నకలు తీయడం కష్టం. మిషన్‌లో పెట్టి నాలుగంకెల పిన్ నొక్కితే సరిపోతుంది. చిన్న చిన్న వాటికైతే పిన్ కూడా అక్కర్లేదు, ఊరికే తాకిస్తే అయిపోతుంది."

ఎం.డి. గారు ఉలిక్కిపడ్డారు. "తాకిస్తే డబ్బు పోతుందా?"

"పోవడం కాదు సార్, చెల్లింపు జరుగుతుంది."

"సంతకం లేకుండా, ఆమోదం లేకుండా, తాకితే పోయేది ఏదీ మన సంస్థలో ఉండడానికి వీల్లేదు. ఆ తాకుడు వెంటనే ఆపించండి."

తాకుడు ఆగిపోయింది. మిగిలింది పిన్. అప్పుడు అకౌంట్స్ ఆఫీసరు ధర్మారావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇరవై రెండేళ్లు ట్రెజరీలో పనిచేసి వచ్చారు. అక్కడ స్టాంపు కాగితాల ఇనుప పెట్టెకు రెండు తాళాలుంటాయి. తాళంచెవులు ఇద్దరు అధికారుల దగ్గర ఉంటాయి. ఇద్దరూ కలిసి వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క స్టాంపు కూడా పోలేదని, అవసరానికి ఒక్క స్టాంపు దొరకలేదు కూడా అని ట్రెజరీకి పేరు.

మర్నాటికి ఉత్తర్వు సిద్ధమైంది. "సదరు కార్డు నందు చిప్ అనబడు పరికరము అమర్చబడి, అందు సంస్థ ధనము అదృశ్య రూపమున నిక్షిప్తమై యున్నందున, సదరు కార్డును ఇనుప పెట్టెగా పరిగణించవలెను. పిన్‌లోని మొదటి రెండు అంకెలు అకౌంట్స్ ఆఫీసరు వద్దను, చివరి రెండు అంకెలు అసిస్టెంట్ మేనేజరు వద్దను ఉండవలెను. ఒకరి అంకెలు ఒకరికి తెలియరాదు. తెలిసినచో సంస్థాగత క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును."

పిన్ అచ్చువేసిన కాగితం సీలు వేసిన కవరులో వచ్చింది. దాన్ని ఎవరూ చూడకుండా సరిగ్గా మధ్యకు కత్తిరించాలి. ఆ పనిని 'అంకెలు చదువరాని వ్యక్తిచే' చేయించాలని నోటు రాసి, అటెండరు కొండబాబును పిలిచారు.

కొండబాబుకు రోషం వచ్చింది. "నాకు అంకెలు రావని ఎవరు చెప్పారండి? బస్సు నంబరు చూసుకోకుండానే ముప్పై ఏళ్లుగా ఆఫీసుకొస్తున్నానా?"

ఏం చేస్తారు! ఎం.డి. గారి కుర్చీ మీది తెల్ల తువ్వాలు తీసి అతని కళ్లకు గంతలు కట్టారు. అతను కత్తెర ఆడించాడు. ఇంచుమించు సరిగ్గానే తెగింది గాని, రెండో అంకె తోక ఒకటి మూడో అంకె వైపు ఉండిపోయింది. ఆ తోకను పైడిరాజు అదే రోజు కవరింగ్ లెటరు పెట్టి ధర్మారావు గారికి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకున్నాడు.

*

జర్మనీలో దిగాక కార్డును మొదట వాడింది రైలు టికెట్ల మిషన్ దగ్గర.

ధర్మారావు గారు కార్డు దూర్చారు. పైడిరాజు నాలుగడుగులు వెనక్కి వెళ్లి గోడ వైపు తిరిగాడు. ధర్మారావు గారు అటూ ఇటూ చూసి రెండు అంకెలు నొక్కి, "అయినది" అన్నారు. పైడిరాజు వచ్చాడు. ఈసారి ధర్మారావు గారు గోడ దగ్గరికి నడిచారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నడక నిదానం. ఆయన గోడ చేరేలోగా మిషన్‌కు విసుగొచ్చి కార్డును బయటికి తోసేసింది.

నాలుగోసారికి గాని టికెట్లు రాలేదు. అప్పటికి వెనక పద్దెనిమిది మంది వరసలో నిలబడ్డారు. వాళ్లలో ఒక ముసలాయన, ఇదేదో మతాచారం కాబోలనుకుని టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పలనర్సమ్మ బొమ్మల సంచీ మీద కూర్చుని అంతా చూస్తోంది. యాభై ఐదేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా లేతు ముందు కూర్చున్న మనిషి.

"ఏటి బాబూ అది? ఒకలు నొక్కితే ఇంకొకలు గోడకేసి సూత్తారు? గోడ మీదేటుంది?"

"నిబంధనమ్మా. ఆయన అంకెలు నాకు తెలియకూడదు, నా అంకెలు ఆయనకు తెలియకూడదు."

"మరి నానో?"

పైడిరాజు ఉత్తర్వును మనసులో మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. "మీ గురించి ఏమీ రాయలేదమ్మా."

"రాయరులే. మా గురించి ఎప్పుడు రాసేరు గనక!" అని ఆమె సంచీ భుజానికెత్తుకుంది.

రెండు రోజుల్లో ధర్మారావు గారూ పైడిరాజూ ఆరితేరారు. కాఫీకి, రొట్టెకి, బస్సుకి ఇద్దరూ కవాతులాగా ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేసేవాళ్లు. ఒకరికి ఆకలేస్తే సరిపోదు, ఇద్దరికీ ఒకేసారి వెయ్యాలి. ధర్మారావు గారికి ఏకాదశి ఉపవాసం వచ్చిన రోజున పైడిరాజుకూ వచ్చింది. అప్పలనర్సమ్మ మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు తింటూ, "ఓ ముద్ద తింటావేటి బాబూ? దీనికి నంబరక్కర్లేదు" అనేది.

*

సంత రేపనగా ముగ్గురూ విమానాశ్రయం పక్కనున్న సరుకుల గిడ్డంగికి వెళ్లారు. బొమ్మల పెట్టెలు అక్కడే ఉన్నాయి. రుసుము కట్టి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం మూడింటికి గిడ్డంగి మూసేస్తారు. రేపు ఉదయం తొమ్మిదికల్లా స్టాలులో సరుకు సర్దకపోతే ఆ చోటును వరసలో ఉన్న వేరేవాళ్లకు ఇచ్చేస్తామని సంతవాళ్లు ముందే చెప్పారు. ఇంగ్రిడ్ అనే ఆవిడ, పసిపిల్లల బడులకు బొమ్మలు సరఫరా చేసే మనిషి, రేపు పదింటికి స్టాలుకు వస్తానని ఉత్తరం కూడా రాసింది. ఆమె కోసమే అప్పలనర్సమ్మ ఇంత దూరం వచ్చింది.

గిడ్డంగి కిటికీలో ఉన్న యువకుడు మిషన్ ముందుకు జరిపాడు. పైడిరాజు అలవాటుగా గోడ వైపు తిరిగాడు. ఎంతసేపటికీ "అయినది" వినపడలేదు. తిరిగి చూస్తే ధర్మారావు గారు ఫోన్ చూసుకుంటూ కొయ్యబారిపోయి ఉన్నారు.

"ఏమైందండీ?"

"ట్రాన్స్‌ఫరయ్యా పైడిరాజూ. ఈ రోజు పూర్వాహ్నం నుంచి నన్ను రిలీవ్ చేశారు."

"కంగ్రాచ్యులేషన్స్ సార్. ముందు ఆ రెండంకెలూ నొక్కండి."

"ఎలా నొక్కుతాను? ఇప్పుడు నేను ఆ అంకెలకు అధికారిని కాను. నా తర్వాత వచ్చేవారికి చార్జి అప్పగించాలి."

"అంకెలు గుర్తున్నాయి కదండీ?"

"వ్యక్తిగతంగా గుర్తున్నాయి," అన్నారు ధర్మారావు గారు బాధగా. "అధికారికంగా లేవు."

అని వెళ్లి బెంచీ మీద ప్రయాణికుడిలాగా కూర్చున్నారు.

పైడిరాజు ఎం.డి. గారికి వీడియో కాల్ చేశాడు. అక్కడ మీటింగు నడుస్తోంది. తెర మీద ఏడు తలకాయలు కనిపించాయి.

"కొత్త అకౌంట్స్ ఆఫీసరుకు ధర్మారావు గారు ఫోన్లో అంకెలు చెప్పేస్తే, వారు నాకు..." అని మొదలుపెట్టాడు.

"నీకా? నీకు తెలియకూడదు గదయ్యా!" అన్నారు ఎం.డి. గారు. "పైగా కొత్తాయన ఇంకా చేరలేదు. చేరడానికి పది రోజుల గడువుంది. కాబట్టి నేటి స్థితి ఏమనగా, మొదటి రెండంకెల పోస్టు ఖాళీ."

"ఇన్‌చార్జిగా ఎవరినైనా వేయండి సార్. మూడింటికి గిడ్డంగి మూసేస్తారు."

"ఇన్‌చార్జిగా వేసినవారు అంకెలను స్వయంగా, ముఖాముఖి స్వీకరించాలి. అంటే విదేశానికి రావాలి. దానికి టికెట్ కొనాలి. ఆ టికెట్..." ఎం.డి. గారు పక్కవాళ్లతో సంప్రదించారు. "ఆ టికెట్ ఈ కార్డుతోనే కొనాలి."

"మరి బొమ్మలు సార్?"

"బొమ్మల విషయంలో సంస్థ తీవ్రంగా ఆలోచిస్తోంది. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించు."

ఏడు తలకాయలూ మాయమయ్యాయి. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. పైడిరాజు తన సొంత ఏటీఎం కార్డు తీసి కిటికీలో పెట్టాడు. అది మన దేశం దాటి పనిచేయదని మిషన్ చెప్పింది. జేబులో ఉన్న యూరోలు లెక్కపెడితే రెండు కాఫీలకు సరిపోయేలా ఉన్నాయి. ధర్మారావు గారి ముందుకెళ్లి చేతులు జోడించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి గాని నోట్లోంచి అంకె రాలేదు.

అద్దం అవతల పెట్టెలు కనిపిస్తున్నాయి. ఒక పెట్టె మూల చిరిగి, దాంట్లోంచి పసుపు రంగు బొంగరం ఒకటి బయటికి తొంగిచూస్తోంది. అప్పలనర్సమ్మ దాన్నే చూస్తోంది.

"ఏటంటున్నారు మీ పెద్దోలు?"

"ఆలోచిస్తున్నారమ్మా."

"ఆలు ఆలోసించీలోపు మా పిల్లలు ముసలోలైపోతారు. బాబూ, ఇయ్యి అమ్మకపోతే ఆ ఇరవై ఆరు ఇళ్లోలూ సిమెంటు పనికెల్లిపోతామన్నారు. లేతులు అమ్మీడానికి బేరం కూడా సూసుకున్నారు. నాను తిరిగెల్లి ఆలకేటి సెప్పాల? మా బాబులు గోడకేసి సూసేరు, అందుకని కుదరలేదని సెప్పాలా?"

పైడిరాజు తదుపరి ఉత్తర్వులేమైనా వచ్చాయేమోనని ఫోన్ చూసుకున్నాడు.

"సరే లెగు," అంది ఆమె. "ఆ మొదటి రెండూ నాను నొక్కుతాను."

"మీరా?"

"రెండు రోజుల్నించి సూత్తన్నాను గదా. ఆయన సెయ్యి ఎటెల్లిందో, ఎంత దూరమెల్లిందో నాకు తెలీదేటి? లేతు మీద కర్ర తిరుగుతుంటే వెంట్రుక మందం తేడా కనిపెట్టే కళ్లియి. మొదలు పైవరసలో..."

"చెప్పకండమ్మా!" పైడిరాజు రెండు చెవులూ మూసుకున్నాడు. "నాకు తెలియకూడదు!"

బెంచీ మీంచి ధర్మారావు గారు గాభరాగా లేచారు. "పైడిరాజూ! ఇది ఘోరమైన ఉల్లంఘన!"

"ఏ పేరా ప్రకారమండీ?"

ధర్మారావు గారు సంచీలోంచి ఉత్తర్వు తీసి చదివారు. తిరగేసి మళ్లీ చదివారు. ఇద్దరు అధికారులకు ఒకరి అంకెలు ఒకరికి తెలియరాదని ఉంది. బొమ్మలు చేసే మనిషికి తెలియరాదని ఎక్కడా లేదు. బొమ్మలు చేసే మనిషి అన్న మాటే ఆ ఉత్తర్వులో లేదు.

"లేదు," అని ఒప్పుకున్నారు ఆయన. ఆ తర్వాత, ఎందుకో గాని, కొంచెం తేలికగా ఊపిరి పీల్చుకున్నారు.

పైడిరాజు కార్డు దూర్చి, పద్ధతి ప్రకారం గోడ వైపు తిరిగాడు. వెనక రెండుసార్లు టిక్కు టిక్కుమంది.

"ఊఁ, రా బాబూ."

అతను వచ్చి తన రెండంకెలూ నొక్కాడు. ఆమె గోడ వైపు తిరగలేదు. తిరగమని అడగడం బాగుండదనిపించింది. మిషన్ కాసేపు ఆలోచించింది. తర్వాత చిన్న కాగితం ముక్క బయటికొచ్చింది. కిటికీలో యువకుడు నవ్వుతూ తలుపు తీశాడు.

మర్నాడు ఇంగ్రిడ్ బొంగరాన్ని తిప్పి, అది ఆగేదాకా చూసి, మళ్లీ తిప్పింది. ఆ రంగులు చెట్ల నుంచి తీసినవని పైడిరాజు తన డిగ్రీ ఇంగ్లీషులో చెప్పగా, అప్పలనర్సమ్మ పక్కనుంచి, "నాలిక మీద ఎట్టుకున్నా ఏటీ కాదని సెప్పు" అంటూ ఒక గిలక్కాయ నోట్లో పెట్టుకుని చూపించింది. ఇంగ్రిడ్‌కు ఇంగ్లీషు కన్నా అదే బాగా అర్థమైంది. మూడు వేల బొంగరాలకు, రెండు వేల గిలక్కాయలకు ఆర్డరు రాసింది.

*

తిరిగొచ్చాక పైడిరాజు టూరు రిపోర్టు రాశాడు. జరిగింది జరిగినట్టు రాయడం తప్ప వేరే రకంగా రాయడం అతనికి చేతకాదు. దాంతో విచారణ సంఘం వేశారు.

ఆర్డరు గురించి సంఘం ఏమీ అడగలేదు. బయటి వ్యక్తి అంకెలు నొక్కడం ఎలా సాధ్యమైందన్నదే ప్రశ్న. మూడు నెలలు కూర్చుని నివేదిక ఇచ్చారు.

"ఒకటి: నాలుగు అంకెలను ఇద్దరికే అప్పగించుట వలన ఒక్కొక్కరిపై రెండేసి అంకెల భారము పడినది. ఇకమీదట ఒక అంకెకు ఒక అధికారి చొప్పున నలుగురు వెళ్లవలెను. రెండు: చెల్లింపు జరుగు స్థలమున చేతివృత్తి కళాకారిణి ఉండుటయే ఈ అనర్థమునకు మూలము. మూడు: బొమ్మలు పంపుట వలన గిడ్డంగి రుసుము ఏర్పడినది. రుసుము వలన కార్డు వాడవలసి వచ్చినది. బొమ్మలు పంపనిచో రుసుమే ఉండదు. నాలుగు: ఉన్న నిధులు నలుగురు అధికారుల ప్రయాణమునకు సరిపోవును గాన, వచ్చే సంవత్సరము నుండి కళాకారులను, బొమ్మలను మినహాయించవచ్చును."

అనుభవం ఉంది కాబట్టి మూడో అంకె పైడిరాజుకు ఇచ్చారు.

"సార్, బొమ్మలు లేకుండా స్టాలులో ఏం పెడతాం?" అని అడిగాడతను.

"సంస్థ ప్రగతి," అన్నారు ఎం.డి. గారు.

ఆ వారమే అంకుడుపాలెం నుంచి ఫోన్ వచ్చింది. వెనక లేతులు తిరుగుతున్న రొద.

"బాబూ, ఆ ఇంగ్రిడ్డమ్మ మళ్లీ రమ్మంది. టిక్కెట్టు ఆలే పంపేరు. మా ఊరి బ్యాంకోలు నాక్కూడా సిప్పు కారటిచ్చేరు. నాలుగంకెలూ నానొక్కదాన్నే ఎట్టుకోమంటున్నారు. ఎట్టుకోవచ్చా? కేసేటీ అవదు గదా?"

పైడిరాజు ఉత్తర్వులన్నీ గుర్తు చేసుకున్నాడు. "అవదమ్మా," అన్నాడు. "మీ డబ్బు, మీ అంకెలు."

*

రెండో ఏడు సంతలో సంస్థ స్టాలు తళతళలాడింది. వెనక ఎం.డి. గారి నిలువెత్తు బొమ్మ, ముందు బల్ల, బల్ల మీద కార్డు వినియోగ రిజిస్టరు. నలుగురు అధికారులు అంకెల వరసలో కూర్చున్నారు. మొదటి రోజు ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన మరుగుదొడ్డి ఎటని అడిగాడు. రెండో ఆయన ఎం.డి. గారి బొమ్మ వెల ఎంతని అడిగాడు.

రెండో రోజు పదింటికి రెండో అంకె ఆయనకు కడుపు నొప్పి వచ్చి హోటల్లో ఉండిపోయారు. మిగిలిన ముగ్గురికీ ఆ పూట టిఫిన్ లేదు. పదకొండింటికి ఆయన నీరసంగా వచ్చారు. మొదటి అంకె, నాలుగో అంకె లేచి నిలబడి, కాఫీ మిషన్ వైపు బయల్దేరడానికి వరస కట్టారు.

అప్పుడు ఎదురు వరసలోంచి కేక వినిపించింది.

"బాబూ! ఓ సెయ్యి సాయం పట్టు! నానొక్కదాన్నీ ఎంతమందికని తిప్పి సూపించనూ?"

అప్పలనర్సమ్మ స్టాలు చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ముందు వరసలో ఆరేడుగురు పిల్లలు బల్ల మీద గడ్డాలు ఆనించి బొంగరాల కోసం చూస్తున్నారు. ఇంగ్రిడ్ ఎవరితోనో మాట్లాడుతూ ఆర్డరు పుస్తకంలో రాసుకుంటోంది.

పైడిరాజు తన ముందున్న రిజిస్టరు చూశాడు. అందులో అతను పూరించాల్సిన గడి ఒకటుంది: 'ఈ రోజు నిర్వర్తించిన విధులు'. రెండు రోజులుగా అందులో ఏం రాయాలో తోచక ఖాళీగా ఉంచాడు. కలం మూసి జేబులో పెట్టుకుని, దారి దాటి అవతలికి వెళ్లి, చొక్కా చేతులు మడిచాడు.

"ఇలగ పట్టు," అని ఆమె తాడు అందించింది. "అడుగున బిగువుగా, పైన వదులుగా సుట్టాల. డిగ్రీ సదివేవు గదా, వచ్చీదిలే."

మూడో ప్రయత్నానికి అతని బొంగరం నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎదురుగా కాఫీ మిషన్ దగ్గర ముగ్గురు అధికారులు మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి, వరసలో నిలబడి దిక్కులు చూస్తున్నారు.

కాసేపటికి ఫోన్ మోగింది. ఎం.డి. గారు.

"పైడిరాజూ! అక్కడ చెల్లింపు నిలిచిపోయిందట! మూడో అంకె ఎక్కడుంది?"

ఒక చిన్న పాప ఎర్ర బొంగరం తెచ్చి అతని చేతిలో పెట్టి, తిప్పమన్నట్టు తల ఊపింది.

"డ్యూటీలో ఉందండి," అని చెప్పి పైడిరాజు ఫోన్ పెట్టేశాడు. తాడు చుట్టడానికి రెండు చేతులూ కావాలి.